వెనక దీపం ఎవరికోసం

నన్ను ఫ్యాక్టరీలో అనుమానప్ప అని పిలిచేవాళ్ళు. నా ఎదుట కాదు, వెనక. మా వైపు పేరు చివర 'అప్ప' చేర్చడం మామూలే కాబట్టి, కొత్తగా చేరినవాళ్ళు కొందరు అదే నా అసలు పేరనుకున్నారు. ఒకతను సెలవు చీటీ మీద 'శ్రీ అనుమానప్ప గారికి' అని రాసి, వినయంగా రెండు చేతులతో నాకు అందించాడు. సెలవు ఇచ్చాను గానీ, ఆ పేరు అతనికి ఎవరు నేర్పారో కనుక్కునేదాకా నాకు అన్నం సయించలేదు.

బెంగళూరు పీణ్యలో నీళ్ళ పంపులు తయారుచేసే ఫ్యాక్టరీ మాది. బయటినుంచి వచ్చే ప్రతి సరుకునూ గేటు లోపల ఆపి, పరీక్షించి, తీసుకోవచ్చో తిప్పి పంపాలో చెప్పడం నా ఉద్యోగం. తర్వాత కార్మికుల భద్రత పని కూడా నా నెత్తిన పెట్టారు. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఏం నేర్చుకోవాలని అడుగుతుంటారు. కొలతలు ఎవరైనా నేర్పుతారు. అనుమానించడం మాత్రం ఎవరికి వాళ్ళు నేర్చుకోవలసిందే. నేను బాగా నేర్చుకున్నాననుకున్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

పై వరస బోల్టులు

నా మొదటి ఆఫీసరు గురుమూర్తి సార్. కన్నడం ఆయన. ముక్కు మీద కళ్ళజోడు, నోట్లో లవంగం, చేతిలో ఎప్పుడూ ఒక బోల్టు. నేను చేరిన వారంలోనే ఒక పెట్టె బోల్టులు నా ముందు పెట్టి చూడమన్నాడు. పైనుంచి పది తీసి కొలిచాను, అన్నీ బాగున్నాయి. సంతకం పెట్టబోతుంటే ఆయన పెట్టెను నేలమీద బోర్లించాడు. అడుగున ఉన్నవాటిలో సగానికి మరలు సరిగా లేవు.

"మొదలు కేళు, ఆమేలె నంబు," అన్నాడు. ముందు అడుగు, ఆ తర్వాతే నమ్ము అని.

ఆ రోజునుంచి నేను అడుగునుంచి తీసేవాణ్ణి. కొన్నాళ్ళకు సరఫరాదారులకు నా సంగతి తెలిసింది, మంచివి అడుగున పెట్టడం మొదలుపెట్టారు. నేను మధ్యలోనుంచి తీయడం మొదలుపెట్టాను. ఇలా దొంగా పోలీసు ఆట చాలా ఏళ్ళు సాగింది. నవ్వుతూ కాఫీ ఇప్పించేవాణ్ణి ఒకరకంగా అనుమానించేవాణ్ణి, కాఫీ ఇప్పించనివాణ్ణి ఇంకో రకంగా. చుట్టరికం ఉన్న చోట నా అనుమానం రెట్టింపయ్యేది. అనుమానం పెనుభూతమని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు గానీ, నాకు ఆ భూతమే అన్నం పెట్టింది కాబట్టి దాన్ని తిట్టలేను.

లైట్ల వ్యవహారం

తొంభైల చివరి సంగతి. మా మొదటి షిఫ్టు ఉదయం ఆరింటికి. చలికాలంలో ఆ వేళకు పీణ్యలో ఇంకా చీకటే, పైగా మంచు. కార్మికుల్లో ఎక్కువమంది లగ్గెరె, దాసరహళ్ళి వైపునుంచి సైకిళ్ళమీద వచ్చేవాళ్ళు. నల్ల సైకిలు, దానిమీద మేమే కుట్టించి ఇచ్చిన ముదురు నీలం యూనిఫాం. పక్కన తుమకూరు రోడ్డు మీద లారీలు. అందరికీ సైకిల్ లైట్లు కొనివ్వాలని యాజమాన్యం అనుకుంది. ఏవి కొనాలో తేల్చమని నాకు అప్పగించింది.

నమూనాలు తెప్పించాను. మొదటిది డైనమో. టైరుకు రాసుకుంటూ తిరిగి దీపాన్ని వెలిగిస్తుంది, బ్యాటరీ ఖర్చు లేదు. అందరికీ అదే నచ్చింది. నాకు నచ్చలేదు. సైకిల్ ఆగితే దీపమూ ఆరిపోతుంది. మలుపు దగ్గర, రోడ్డు దాటడానికి నిలబడినప్పుడు, అంటే దీపం ఎక్కువ అవసరమైన చోటే అది ఉండదు. ఇంకో గుట్టు కూడా కనిపెట్టాను. డైనమోకు ముందు బల్బు, వెనక బల్బు రెండూ కలిపి ఉంటాయి. ఒకటి మాడితే దాని కరెంటు కూడా రెండోదానిమీద పడి అదీ మాడిపోతుంది. కొన్నవాడు రెండూ కొనుక్కోవాలి. డైనమో తెచ్చినవాడితో ఈ మాటంటే గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకున్నాడు. తిప్పి పంపేశాను.

రెండో నమూనా కాటన్‌పేటనుంచి వచ్చింది. తెచ్చినవాడు వెంకటరామయ్య. మూడు తరాలుగా అక్కడ సైకిల్ సామాను టోకు వ్యాపారం చేస్తున్న ఇంటివాడు, నా భార్యకు సొంత చిన్నాన్న. అంటే నాకు చిన్నమామ. ఆయన తెచ్చిన సెట్టులో రెండు దీపాలు: హ్యాండిల్‌కు బిగించే బ్యాటరీ లైటు ఒకటి, వెనక సీటు కింద పెట్టుకునే చిన్న ఎర్రదీపం ఒకటి. ఎర్రగా మిణుకుమనే ఆ రకం అప్పుడప్పుడే మార్కెట్లోకి వస్తోంది. విడిగా ముందు లైటొక్కటే కూడా ఇస్తానన్నాడు, కానీ ఇవ్వడం ఇష్టం లేనట్టు అన్నాడు.

"అల్లుడూ, నా మాట విను. ముందర దీపం మనకి, వెనక దీపం లారీవానికి. రెండూ లేకుంటే సగం పనే అయితాదప్పా."

"లారీవానికి దీపం వాని ఓనరు కొనిస్తాడులే మామా. మా కంపెనీ ఎందుకు కొనియ్యల్ల?"

నా చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మామ నవ్వలేదు.

"సైకిలుకి వెనక రెఫ్లెక్టరు ఉండాది కదా?" అన్నాను.

"ఉండాది. దుమ్ము తుడిచేదెవరప్పా? టిఫిను సంచి దానిమీద వేలాడతాంటే కనపడేదెట్ల?"

ఇంత పట్టుబడుతున్నాడంటే ఏదో ఉందనుకున్నాను. కొత్త రకం సరుకు, అమ్ముడుపోక గోడౌన్‌లో పడి ఉంటుంది, అల్లుడి నెత్తిన రుద్దుతున్నాడు. నేను ఒప్పుకుంటే మామ సరుకు కాబట్టి తీసుకున్నాడని ఫ్యాక్టరీలో నలుగురూ అంటారు. నిజం చెప్పాలంటే ఈ రెండో ఆలోచనే ఎక్కువగా పనిచేసింది.

అయినా పరీక్ష చెయ్యకుండా నేను దేన్నీ ఒప్పుకోను, దేన్నీ కొట్టెయ్యను. ముగ్గురు కార్మికుల సైకిళ్ళకు ముందు లైటు మాత్రం బిగించి వారం రోజులు తిరగమన్నాను. వాళ్ళలో మద్దిలేటి ఒకడు. కర్నూలు వైపు మనిషి, పంపుల ఇనుప కాస్టింగులు మోసే పని. మాట తక్కువ, అబద్ధం అసలు లేదు. అందుకే ఏరి కోరి అతన్ని తీసుకున్నాను.

వారం తర్వాత ముగ్గుర్నీ విడివిడిగా పిలిచాను. ఒకరి జవాబు ఇంకొకరికి తెలియకూడదని. అంత జాగ్రత్త నాది.

"రాత్రిపూట బాగా కనపడతాదా?" అని అడిగాను.

"బాగా కనపడతాది సార్," అన్నారు ఇద్దరు.

మద్దిలేటి ఇంకో మాట కూడా చేర్చాడు. "శానా బాగా కనపడతాది సార్. గుంతలు గూడా కనపడతాయి."

ఫారంలో 'విజిబిలిటీ' అని ఒక గడి ఉంటుంది. అందులో 'చాలా బాగుంది' అని రాశాను. వెనక దీపం గడిలో 'అనవసరం' అని రాసి కింద గీత కూడా గీశాను. ముందు లైట్లు మాత్రం మామ దగ్గరే కొన్నాం. ఆయన సరుకిచ్చి వెళ్ళిపోయాడు, ఆ తర్వాతి పండక్కి మా ఇంటికి రాలేదు.

వెలిగిన దీపం

ఆ డిసెంబరులో ఒక తెల్లవారుజామున, ఫ్యాక్టరీకి ఇంకా అరమైలు దూరం ఉందనగా, కూరగాయల టెంపో ఒకటి మద్దిలేటిని వెనకనుంచి గుద్దింది. ప్రాణం దక్కింది. తుంటి ఎముక విరిగింది.

కబురు తెలియగానే నేను పోలీస్ స్టేషన్‌కు వెళ్ళాను. ముందు డ్రైవర్‌ని అనుమానించాను. హిందూపురం వైపు మనిషి, బెంచీమీద తల పట్టుకుని కూర్చున్నాడు. పలకరించే నెపంతో దగ్గరికి వంగి నోటి వాసన చూశాను. కాఫీ వాసన వచ్చింది.

"మంచులో ముందర ఏమీ లేనట్టే ఉండె సార్," అన్నాడు. "ఎర్రగా ఒక్క చుక్క ఉన్నా బ్రేకు కొడతాంటి."

అతని మాట విననట్టే లేచి, మూలన పడేసిన సైకిల్ దగ్గరికి వెళ్ళాను. ఈసారి నా అనుమానం మామ సరుకు మీద. వెనక చక్రం ఎనిమిది అంకెలా వంగిపోయి ఉంది. హ్యాండిల్ మీది లైటు స్విచ్ నొక్కాను. భేషుగ్గా వెలిగింది. అది వెలగడం చూసి నాకు కోపం వచ్చింది. ఆ దీపం మాడిపోయి ఉంటే తప్పు మామదయ్యేది. ఇలాంటి కోపం ఒక మనిషికి రావచ్చునని అప్పటిదాకా నాకు తెలియదు. ఇప్పుడు తలచుకున్నా సిగ్గుగానే ఉంటుంది.

ఇక మిగిలింది మద్దిలేటి. లైటు ఉంది, పనిచేస్తోంది, మరి అతను వేసుకోలేదేమో!

ఫ్యాక్టరీకి తిరిగి రాగానే పర్సనెల్ మేనేజరు పిలిచాడు. ప్రమాదం మీద రిపోర్టు రాయవలసింది నేనే. "లైట్ ఆఫ్ ఇత్తు అంత బరీరి," అన్నాడు, లైటు వేసుకోలేదని రాసెయ్యమని. తన అజాగ్రత్తవల్ల దెబ్బ తగిలించుకున్నవాడైతే, అతనికి కూర్చుని చేసే పని ఇవ్వాల్సిన అవసరం కంపెనీకి లేదు. తుంటి విరిగినవాడు కాస్టింగులు మొయ్యలేడు. అంటే ఆ ఒక్క వాక్యంతో మద్దిలేటి ఉద్యోగం పోతుంది. మేనేజరుకు ఆ సంగతి తెలుసు, నాకూ తెలుసు.

నేను కాదనలేదు. 'ప్రమాద సమయంలో లైటు వేసి ఉన్నట్టు ఆధారం లేదు' అని రాశాను. చూడండి ఎంత శుభ్రమైన వాక్యమో. అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. దానికింద మద్దిలేటి వేలిముద్రో సంతకమో తీసుకోవడానికి ఆస్పత్రికి వెళ్ళాను.

కాలుకు బరువు కట్టి పడుకోబెట్టి ఉన్నారు. పక్కన అతని భార్య సుంకులమ్మ స్టూలు మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచి నిలబడింది. మద్దిలేటి కూడా లేవబోయాడు, అలవాటు కొద్దీ.

"దీపం వేసుకున్నావా?" అని అడిగాను.

"ఏసుకొనే వస్తాంటి సార్. దోవ బాగా కనపడతాండె."

"దోవ సరే. నువ్వు కనపడతాంటివా?"

నన్ను ఎగతాళి చెయ్యడానికి కాదు, నిజంగానే అర్థం కాక అడిగాడు.

"నేనెవురికి కనపడల్ల సార్?"

"వెనక వచ్చేవానికి."

"అదెట్ల తెలుస్తాది సార్ నాకు? నా ఈపు నాకు కనపడతాదా?"

చేతిలోని కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను. సుంకులమ్మ నా ముఖం చూసి, నాకు కోపం వచ్చిందనుకుని భయపడింది. "మీరప్పుడు అడిగిండేది దోవ సంగతి అనుకున్యాడు సార్," అంది. "ఎవురైనా అదే అనుకుంటారు గదా."

ఎవరైనా అదే అనుకుంటారు. 'బాగా కనపడతాదా' అన్నప్పుడు నా మనసులో ఉన్నది సైకిల్. వాళ్ళ మనసులో ఉన్నది దారి. ఏది కనపడాలో నేను పైకి అనలేదు, మన భాషలో అనక్కర్లేదు కూడా. పైగా సైకిల్ తొక్కేవాడికి తన సైకిల్ ఎలా కనపడుతుంది? ఆ ప్రశ్న అడగవలసింది వాళ్ళను కాదు. గుంతలు కూడా కనపడతాయని మద్దిలేటి చెప్పనే చెప్పాడు. ఆ మాటలోనే అంతా ఉంది, నేను వినలేదు. పెట్టెలు బోర్లించి బోల్టులు ఏరినవాణ్ణి, జవాబును బోర్లించి చూడలేదు.

ముగ్గుర్ని విడివిడిగా పిలిచాను కదా, ఒకరి మాట ఒకరు విని చెబుతారేమోనని. ముగ్గుర్నీ అడిగిన ప్రశ్న ఒకటే తప్పు ప్రశ్న. డ్రైవర్‌ని, మామని, మద్దిలేటిని అందర్నీ అనుమానించాను. నా ప్రశ్నను అనుమానించాలని తట్టలేదు.

ఆ కాగితం మీద సంతకం తీసుకోలేదు. ఆస్పత్రి మెట్లమీదే చింపేశాను. మర్నాడు కొత్తది రాశాను: లైటు వేసే ఉంది, వెనక దీపం లేదు, అది అనవసరమని రాసింది నేను, నా పరీక్ష తప్పు. మేనేజరు చదివి, "నీకేమైనా పిచ్చా?" అన్నాడు. వారం రోజులు నాతో మాట్లాడలేదు. గురుమూర్తి సార్ అప్పటికి రిటైరయ్యాడు గానీ, ఆయన ఉండి ఉంటే ఏమనేవాడో నాకు తెలుసు. అడగమన్నాను, ఎలా పడితే అలా అడగమనలేదు అనేవాడు.

కాటన్‌పేటలో

ఆదివారం మామ కొట్టుకు వెళ్ళాను. కాటన్‌పేట ఇరుకు సందులో, ట్యూబులూ టైర్లూ దండల్లా వేలాడే కొట్టు. ఎర్రదీపాలు ఎన్ని ఉంటే అన్ని కావాలన్నాను.

"లేవప్పా. ఉండేటివన్నీ అప్పుడే అమ్ముడుపోయినాయి. తెప్పించల్ల," అన్నాడు.

అంటే గోడౌన్‌లో పడి ఉన్న సరుకు కాదు. ఆ అనుమానం కూడా కూలిపోయింది.

క్షమించమని ఎలా అడగాలో తెలియక నిలబడి ఉంటే, ఆయనే కుర్చీ చూపించాడు. "నన్ను నమ్మలేదని కాదు అల్లుడూ నా బాధ. వ్యాపారస్తుణ్ణి నమ్మకుంటేనే మంచిది. కానీ నువ్వు మాటని తూకం వెయ్యకుండా, చెప్పినోణ్ణి తూకం వేస్తివి."

ఆ మాట నాకు ఇప్పటికీ చెప్పులో రాయిలాగే ఉంది. తీసిపారెయ్యాలని నేను అనుకోవడం లేదు.

మీరు కొనేటప్పుడు

ఇది చదివే పిల్లల్లో సైకిల్ తొక్కేవాళ్ళూ ఉంటారు కాబట్టి నాకు తెలిసినంత చెబుతాను. లైటు కొనేముందు ఎంత వెలుగు అని కాదు, ఎవరికోసం అని అడగండి. ముందు దీపం కొంత మీకోసం, కొంత ఎదుటివాడికోసం. దాన్ని కాస్త కిందికి వంచి పెట్టండి, లేకపోతే ఎదురొచ్చేవాడి కళ్ళు మూసుకుపోతాయి. వెనక దీపం పూర్తిగా పరాయివాడికోసం. మీరు దాన్ని ఎన్నటికీ చూడరు, అందుకే అది ఆరిపోయినా మీకు తెలియదు. ఎక్కేముందు రోజూ వెనక్కి వెళ్ళి చూసుకోవాలి.

కొట్టులో చేతితో పట్టుకుని చూసి కొనకండి. చీకటి గదిలో అగ్గిపుల్ల కూడా సూర్యుడే. బిగించాక స్నేహితుణ్ణి సైకిల్ ఎక్కించి, రోజూ మోసే సంచీ తగిలించి, మీరు వెనక్కి నడవండి. రెండు వందల అడుగులు నడిచి తిరిగి చూడండి. మద్దిలేటి ప్రమాదం తర్వాత నేను ఈ పరీక్షను లారీ క్యాబిన్‌లో కూర్చుని కూడా చేశాను. సీటు కింద బిగించిన దీపాన్ని టిఫిన్ సంచీ పూర్తిగా కప్పేస్తుందని అక్కడినుంచే తెలిసింది, తర్వాత అన్నీ మడ్‌గార్డుకు మార్పించాను. పక్కనుంచి కూడా చూడండి. మిణుకుమనే దీపం చూపును తొందరగా లాగుతుంది గానీ, అది ఎంత దూరంలో ఉందో అంచనా దొరకదు. నిలకడగా వెలిగేది ఒకటి తోడుంటే మంచిది. ఆ పరీక్ష మర్నాడే మా ముదురు నీలం యూనిఫాం వీపుకు మెరిసే పట్టీ కుట్టించమని అడిగాను. మంజూరు కావడానికి రెండేళ్ళు పట్టింది.

రిటైరయ్యాక ఒకసారి మారతహళ్ళిలో సాఫ్ట్‌వేర్ పిల్లలు కొందరు, శనాదివారాలు సైకిళ్ళు తొక్కేవాళ్ళు, లైట్ల గురించి చెప్పమని పిలిచారు. ఒకమ్మాయి తన లైటు చూపించి, "అంకుల్, ఇది సూపర్ బ్రైట్, రోడ్ మొత్తం క్లియర్‌గా కనిపిస్తుంది," అంది. "వెనక ఏముందమ్మా?" అన్నాను. ఉంది, ఎర్రది, మంచిదే. నమ్మకం కుదరక అమ్మాయిని ఎక్కించి, నేను వెనక్కి నడిచి చూసి గానీ కాఫీ తాగలేదు.

గేటు దగ్గర

మద్దిలేటి ఏడు నెలలకు తిరిగి వచ్చాడు. కొంచెం కుంటుతాడు. నా రిపోర్టు ఫైల్లో ఉన్నందువల్ల అతన్ని తీసెయ్యడం కుదరలేదు. ఏ పని ఇవ్వాలని మేనేజరు అడిగితే, సైకిల్ లైట్లు చూసే పని ఇవ్వమన్నాను. షిఫ్టు వదిలే వేళకు గేటు దగ్గర స్టూలు వేసుకుని కూర్చుని, బయటికి పోయే ప్రతి సైకిల్‌నూ వెనకనుంచి చూసేవాడు. ఎర్రదీపం లేనివాణ్ణి పేరుపెట్టి పిలిచి వెనక్కి రప్పించేవాడు. సూపర్‌వైజర్లను కూడా వదిలేవాడు కాదు. నాకంటే కఠినం.

అతనికి నామీద కోపం ఉందా అని నేను చాలా ఏళ్ళు అనుమానించాను. ఎప్పుడూ అడగలేదు. ఈ ఒక్క విషయంలో సరైన ప్రశ్న ఏమిటో నాకు దొరకలేదు.

రిటైరైన రోజు సాయంత్రం దండ, శాలువా, గడియారం అన్నీ అయ్యాయి. కారులో దింపుతామంటే వద్దని, నా పాత సైకిల్ తీసుకున్నాను. దీపాల వేళ. గేటు దాటుతుంటే మద్దిలేటి స్టూలు మీదినుంచి లేచి నిలబడ్డాడు. నాలుగు బారలు పోయానో లేదో వెనకనుంచి కేక వినపడింది.

"కనపడతాండారు సార్. పోండి."

నన్ను సంతోషపెట్టడానికి అంటున్నాడేమోనని వెంటనే అనుమానం వచ్చింది. పుట్టుకతో వచ్చింది పుడకలతో గానీ పోదంటారు కదా. కల్వర్టు దాకా వెళ్ళి, సైకిల్ ఆపి, వెనక్కి తిరక్కుండానే గట్టిగా అరిచాను.

"ఇప్పుడో?"

"ఇంకా కనపడతాండారు సార్!"